సీరియల్ ప్రింటా, డీబగ్ ప్రోబా, లాజిక్ ఎనలైజరా: ఏ బగ్‌కి ఏది కొనాలి?

అద్దంకి దగ్గర మా బాబాయి పొలంలో బోరు మోటారుకి, ఫోన్ చేస్తే ఆన్ అయ్యే స్టార్టర్ ఒకటి కట్టాను. ఆర్డుయినో నానో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), సిమ్800ఎల్ మాడ్యూలు (సిమ్ వేసి 2జిలో కాల్స్ అందుకునేది), ఒక రిలే (బోర్డు నడిపే స్విచ్చి), అంతే. ఇంట్లో టేబుల్ మీద రెండు వారాలు చక్కగా పనిచేసింది. పొలంలో బిగించాక మాత్రం నాలుగు కాల్స్‌కి ఒకసారి మాడ్యూలు దానంతట అదే ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. "ఒరే, మోటారు మాట వినట్లేదురా" అని బాబాయి ఫోన్ చేసిన ప్రతిసారీ నేను కోడ్ తెరిచి ఇంకో నాలుగు ప్రింట్లు (ప్రోగ్రాం ఎక్కడుందో కంప్యూటర్ తెర మీద రాసే లైన్లు) పెట్టేవాణ్ణి. మూడు రోజులు అలాగే గడిచాయి. మల్టీమీటర్ పెడితే 3.9 వోల్ట్‌లు చూపించింది, సిమ్800ఎల్‌కి 3.4 నుంచి 4.4 మధ్య ఉంటే చాలు కాబట్టి పవర్ జోలికే వెళ్ళలేదు.

నాలుగో రోజు ఒక ఫ్రెండ్, వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపించే చిన్న ఆసిలోస్కోప్ తెచ్చి మాడ్యూలు పిన్నుల మీద పెట్టాడు. ప్రతి 4.6 మిల్లీసెకన్లకి ఒకసారి వోల్టేజి కిందికి పడిపోతోంది, ఆ గుంట వెడల్పు 577 మైక్రోసెకన్లు. 2జి ఫోన్ రేడియో అలాగే, ఎనిమిదింట ఒక వంతు సమయం మాత్రమే ప్రసారం చేస్తుంది, ఆ కాసేపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నా సన్న జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డు క్లిప్పులు అన్నీ కలిపి 0.3 ఓమ్ ఉన్నా చాలు, 4 వోల్ట్‌లలో 0.6 వోల్ట్ అక్కడే పోయి సరిగ్గా 3.4 దగ్గరికి వచ్చేస్తుంది. మల్టీమీటర్ చూపించేది సగటు కాబట్టి దానికి ఈ గుంటలు కనపడవు. ఇంట్లో సిగ్నల్ బాగుంది, రేడియో తక్కువ పవర్‌తో మాట్లాడింది. పొలంలో సిగ్నల్ బలహీనం, అందుకే పూర్తి బలంతో అరవాల్సి వచ్చింది. మందమైన వైర్లు, మాడ్యూలుకి ఆనుకుని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, పని అయిపోయింది.

అప్పటి నుంచి "డీబగ్గింగ్‌కి ఏం కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళ బగ్ గురించి అడుగుతున్నాను. ఒక్కో పరికరం ఒక్కో రకం ప్రశ్నకే జవాబు చెప్తుంది, మిగతా వాటికి మౌనంగా ఉంటుంది, లేదా నా మల్టీమీటర్‌లాగా అంతా బాగుందని చెప్తుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, బగ్ ఎక్కడ ఉండొచ్చు. కోడ్ లోపల (వేరియబుల్ తప్పు, అర్రే హద్దు దాటడం, నడుస్తున్న కోడ్‌ని ఆపి మధ్యలో దూరే ఇంటరప్ట్‌ల గొడవ), వైరు మీద (సెన్సర్ జవాబివ్వకపోవడం, తప్పు అడ్రసు), లేదా కరెంటులో (వోల్టేజి పడిపోవడం, నాయిస్). ఊహ అయినా సరే, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకున్నాకే ముందుకెళ్ళండి.

రెండోది, చూడ్డం వల్ల ప్రోగ్రాం ఎంత మారిపోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ ప్రింట్ పెట్టగానే బగ్ మాయమై, తీసేయగానే తిరిగొచ్చిన అనుభవం ఉన్నవాళ్ళకి దీని విలువ తెలుసు.

మూడోది, మీ బోర్డు దానికి ఒప్పుకుంటుందా. నాలుగోది డబ్బు, దాంతోపాటు నేర్చుకోవడానికి పట్టే టైము.

| పరికరం | బాగా చూపించేది | చూపించలేనిది | ప్రోగ్రాం మీద ప్రభావం | ఖర్చు సుమారుగా |
|---|---|---|---|---|
| మల్టీమీటర్ | తెగిన వైరు, షార్ట్, స్థిరమైన వోల్టేజి | వేగంగా జరిగే ఏదైనా | దాదాపు లేదు | కొన్ని వందలు |
| సీరియల్ ప్రింట్ | ప్రోగ్రాం ఏ దారిలో వెళ్ళింది | టైమింగ్, వోల్టేజి | ఎక్కువ | ఏమీ లేదు |
| పిన్ను ఎత్తి దించడం | ఏది ఎంతసేపు పట్టింది | విలువలు | చాలా తక్కువ | ఎల్ఈడీ ఖరీదు |
| డీబగ్ ప్రోబ్ | మెమరీ, వేరియబుల్స్, క్రాష్ చోటు | వైరు మీద జరిగేది | ఆపితే పూర్తిగా ఆగుతుంది | కొన్ని వందల నుంచి |
| లాజిక్ ఎనలైజర్ | చిప్పుల మధ్య సంభాషణ | అసలు వోల్టేజి ఆకారం | దాదాపు లేదు | వెయ్యి చుట్టుపక్కల |
| ఆసిలోస్కోప్ | వోల్టేజి, నాయిస్, అంచుల ఆకారం | కోడ్ లోపల జరిగేది | దాదాపు లేదు | కిట్ అయితే వేలల్లో, టేబుల్ మీది పాతిక వేల చుట్టూ |

మల్టీమీటర్

దీని గురించి ఎక్కువ చెప్పను, కానీ ఇది లేకుండా మిగతావి కొనొద్దు. గ్రౌండ్లు అన్నీ నిజంగా కలిశాయా, బ్రెడ్‌బోర్డు పక్క పట్టీ మధ్యలో తెగి ఉందా (పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో చాలావాటికి ఉంటుంది), వచ్చేది 3.3 వోల్ట్‌లా 5 వోల్ట్‌లా, ఈ మూడూ చూశాకే కోడ్ తెరవండి. బీప్ మోడ్ ఉన్నది తీసుకోండి.

సీరియల్ ప్రింట్

అందరం ఇక్కడే మొదలుపెడతాం, అందులో తప్పేం లేదు. లాజిక్ తప్పుల్లో చాలా భాగం దీంతోనే దొరుకుతాయి. కానీ దీనికయ్యే ఖర్చు ఎంతో తెలిసి వాడాలి. 9600 బాడ్ (సీరియల్ వేగం) దగ్గర సెకనుకి 960 అక్షరాలు వెళ్తాయి, అంటే 40 అక్షరాల లైనుకి 42 మిల్లీసెకన్లు. అదే 115200 పెడితే మూడున్నర. ఆర్డుయినో యూనోలో పంపే బఫర్ 64 బైట్లే, అది నిండితే ప్రింట్ దగ్గర ప్రోగ్రాం ఆగి ఖాళీ కోసం ఎదురుచూస్తుంది. లూప్ 10 మిల్లీసెకన్లకి ఒకసారి తిరగాల్సిన చోట 9600లో ప్రింట్ పెడితే మీరు చూస్తున్నది మీ ప్రోగ్రాం కాదు, అదే కోడ్‌తో ఇంకో వేగంలో నడుస్తున్న వేరే ప్రోగ్రాం.

యూనోలో ఇంకో చిక్కు, మొత్తం ర్యామ్ 2 కిలోబైట్లే. కోట్స్‌లో రాసిన ప్రతి మాటా అందులో చోటు తింటుంది, ఎఫ్ మాక్రోలో పెడితే ప్రోగ్రాం ఉండే ఫ్లాష్‌లోనే ఉంటుంది. బగ్ వెతకడానికి పెట్టిన ప్రింట్లే ర్యామ్ నింపేసి కొత్త బగ్ తెచ్చిపెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఇంకా ఒకటి: యూనోకి సీరియల్ మానిటర్ తెరవగానే బోర్డు రీసెట్ అవుతుంది. రెండు గంటలు నడిచి ఇరుక్కుపోయిన బోర్డు దగ్గరికెళ్ళి మానిటర్ తెరిస్తే సాక్ష్యం అంతా పోయినట్టే, కాబట్టి అలాంటి వాటికి మొదటి నుంచీ తెరిచే ఉంచండి.

ఇంటరప్ట్ లోపల మాత్రం ప్రింట్ పెట్టకండి. అక్కడ ఒక ఫ్లాగ్ మార్చి, లూప్‌లోకి వచ్చాక ప్రింట్ చేయండి, ఆ ఫ్లాగ్‌కి వోలటైల్ (ఈ విలువ ఎప్పుడైనా మారొచ్చని కంపైలర్‌కి చెప్పే మాట) అని రాయడం మరిచిపోవద్దు. నిజానికి "ప్రింట్ పెడితే పనిచేస్తోంది, తీస్తే ఆగిపోతోంది" అన్నప్పుడు నేను మొట్టమొదట చూసేది వోలటైల్ లేకపోవడమే.

ఈఎస్‌పి32 వాళ్ళకి ప్రింట్ కంటే పెద్ద వరం ఆ బోర్డు క్రాష్ అయినప్పుడు తనే రాసే బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ల గుండా వెళ్ళి పడిపోయిందో చెప్పే జాబితా. "గురు మెడిటేషన్" అని వచ్చే ఆ నంబర్ల వరుసని చూసి భయపడి పైకి తోసేయకండి, ప్లాట్‌ఫామ్ఐఓ అనే కోడింగ్ సాఫ్ట్‌వేరులో ఎక్సెప్షన్ డీకోడర్ ఆన్ చేస్తే ఏ ఫైల్లో ఏ లైన్లో పడిపోయిందో చెప్తుంది. "బ్రౌనౌట్" (వోల్టేజి చాలలేదు) అని కనపడితే కోడ్ మూసేసి యూఎస్‌బీ కేబుల్ మార్చండి. పాత ఈఎస్‌పి8266 అయితే మొదట్లో వచ్చే పిచ్చి అక్షరాలు చెడిపోయిన డేటా కాదు, 74880 బాడ్‌లో పెడితే చదవొచ్చు.

పిన్ను ఎత్తి దించడం

ఒక ఖాళీ పిన్ను తీసుకుని, ఫంక్షన్ మొదట్లో హై, చివర్లో లో. ఇంత చిన్న పని. యూనోలో పోర్టు రిజిస్టర్‌కి నేరుగా రాస్తే 125 నానోసెకన్లు, డిజిటల్ రైట్ అయితే మూడు నాలుగు మైక్రోసెకన్లు. ప్రింట్‌తో పోలిస్తే ఇది లేనట్టే. ఒక్క ఎల్ఈడీ ఉన్నా ప్రోగ్రాం ఎక్కడ ఇరుక్కుందో తెలుస్తుంది. లాజిక్ ఎనలైజర్ కూడా ఉంటే మీ ఇంటరప్ట్ ఎంతసేపు నడిచింది, ఎప్పుడు ఆలస్యమైంది అన్నీ గీతల్లా కనిపిస్తాయి. ఈ రెండూ కలిపి వాడేవాళ్ళు చాలా తక్కువ, ఎందుకో నాకు అర్థం కాదు.

డీబగ్ ప్రోబ్

ఇది నడుస్తున్న చిప్పుని మధ్యలో ఆపి లోపలి మెమరీ చూపించే పరికరం. ఏది కావాలో ఇక్కడ బోర్డే నిర్ణయిస్తుంది. ఎస్‌టిఎం32 బ్లూ పిల్ ఉంటే ఎస్‌టి-లింక్ తరహా చిన్న డాంగిల్ చాలు, పిఎ13, పిఎ14, గ్రౌండ్, అంతే. రాస్ప్‌బెర్రీ పై పికో వాళ్ళది ఇంకా సుఖం: రెండో పికో కొని అందులో డీబగ్‌ప్రోబ్ ఫైల్ లాగి పడేస్తే అదే ప్రోబ్ అవుతుంది, పని లేనప్పుడు మళ్ళీ మామూలు పికోగా వాడుకోవచ్చు. ఈఎస్‌పి32-ఎస్3, సి3 చిప్పుల్లో జేట్యాగ్ (ప్రోబ్ చేసే పని చేసేది) లోపలే ఉంది, యూఎస్‌బీ కేబుల్ ఒక్కటి చాలు. కానీ రెండు పోర్టులున్న బోర్డులో యుఆర్ట్ అని రాసినదానికి కాకుండా యూఎస్‌బీ అని రాసినదానికి గుచ్చాలి, ఆ రెండు యూఎస్‌బీ పిన్నులని (ఎస్3లో 19, 20, సి3లో 18, 19) మీ సెన్సర్లకి ఇచ్చేయకూడదు. పాత ఈఎస్‌పి32కి బయటి ప్రోబ్ కావాలి, దానికి 12 నుంచి 15 వరకు నాలుగు పిన్నులు పోతాయి.

ఆర్డుయినో యూనో మాత్రం ఇబ్బంది. దాని చిప్పుకి డీబగ్‌వైర్ అనే ఒంటి వైరు డీబగ్ పద్ధతి ఉంది, కానీ అది రీసెట్ పిన్ను మీదే నడుస్తుంది, బోర్డు మీద ఆటో రీసెట్ కోసం పెట్టిన కెపాసిటర్ దానికి అడ్డం, బోర్డు మీది రాగి గీత (ట్రేస్) కోయాలి. యూనో వాడేవాళ్ళకి ప్రోబ్ కొనమని నేను చెప్పను. ఆ డబ్బుతో ఒక పికో కొనుక్కోవడం మేలు.

ప్రోబ్ ఉంటే అందరూ బ్రేక్‌పాయింట్ (ఫలానా లైను దగ్గర ఆగమనే గుర్తు) పెట్టి ఒక్కో లైను నడిపించడం గురించే చెప్తారు. నాకైతే దాని అసలు బలం వాచ్‌పాయింట్. పది గడుల అర్రేలో పదకొండో గడికి ఎవరో రాస్తున్నారు, పక్కనున్న వేరియబుల్ పాడైపోతోంది, కోడ్ మొత్తం చదివినా దొరకదు. ఆ వేరియబుల్ అడ్రసు మీద వాచ్‌పాయింట్ పెడితే, దాన్ని ముట్టుకున్న లైను దగ్గరే చిప్పు ఆగిపోతుంది. ప్రింట్లతో రెండు రోజులు పట్టే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. బ్లూ పిల్ మీద నకిలీ కాకుండా అసలు చిప్పు ఉంటే నాలుగు వాచ్‌పాయింట్లు, ఆరు బ్రేక్‌పాయింట్లు, పికోలో రెండు వాచ్‌పాయింట్లు, నాలుగు బ్రేక్‌పాయింట్లు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. చిప్పుని ఆపినా మోటారు ఆగదు, టైమర్లు తిరుగుతూనే ఉంటే పిడబ్ల్యూఎం (మోటారు వేగాన్ని నడిపే పల్సులు) అలాగే పోతుంటుంది, హెచ్ బ్రిడ్జి (మోటారుని రెండు వైపులా తిప్పే సర్క్యూట్) ఉన్న రోబోకి చక్రాలు పైకెత్తి పెట్టండి. వైఫై కనెక్షన్ తెగిపోతుంది. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే రీసెట్ చేసే టైమర్) మీరు ఆలోచిస్తుండగానే రీసెట్ కొట్టొచ్చు. చిప్పు సెట్టింగులు పెట్టే ఎస్‌టిఎం32 క్యూబ్ఎమ్ఎక్స్‌లో "సీరియల్ వైర్" ఎంచుకోకుండా కోడ్ ఎక్కిస్తే ప్రోబ్‌కి దారి మూసుకుపోతుంది. బోర్డు చచ్చిపోయిందనుకోకండి, రీసెట్ పట్టుకుని కనెక్ట్ అయ్యే ఆప్షన్‌తో తిరిగి తెరుచుకుంటుంది.

లాజిక్ ఎనలైజర్

వైర్ల మీద ఒకట్లు, సున్నాలు ఎప్పుడు మారాయో గీసి చూపించే, ఎనిమిది చానెళ్ళు, 24 మెగాహెర్ట్జ్ అని అమ్మే ఆ చిన్న డబ్బా, పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. మల్టీమీటర్ కాక ఇంకొక్క పరికరమే కొనగలను అనేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. సెన్సర్ పనిచేయట్లేదు అన్నప్పుడు మన చిప్పు అసలు అడిగిందా, అడిగితే సెన్సర్ జవాబిచ్చిందా, ఏమని ఇచ్చింది, మూడూ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఐ2సి (చిప్పులు రెండు వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి) ఎల్‌సిడి ఖాళీగా ఉందనుకోండి, అడ్రసు హెక్స్‌లో 27 పంపితే నాక్ వచ్చింది (ఎవరూ పలకలేదు) అని కనపడుతుంది, వెనక ఉన్నది పిసిఎఫ్8574ఎ చిప్పు అయితే 3ఎఫ్ పెట్టాలి. డిఎస్3231 గడియారం, ఎంపియు6050 కదలిక సెన్సర్ రెండూ 68 దగ్గరే కూర్చుంటాయి, ఒకే లైను మీద పెడితే ఇద్దరూ ఒకేసారి బదులు పలుకుతారు. అది ప్రింట్లలో "అప్పుడప్పుడూ తప్పు విలువ" అని మాత్రమే కనిపిస్తుంది.

దాని హద్దులు తెలుసుకోండి. సిగ్నల్ వేగానికి కనీసం నాలుగు రెట్లు శాంప్లింగ్ ఉండాలి. 400 కిలోహెర్ట్జ్ ఐ2సి సులువే, ఎస్‌డి కార్డు వాడే ఎస్‌పిఐ (ఇంకో రకం, వేగమైన లైను) 25 మెగాహెర్ట్జ్‌లో ఉంటే దీనికి అందదు, డీబగ్ చేసేటప్పుడు క్లాకుని ఒక మెగాహెర్ట్జ్‌కి దించండి. చాలా లాప్‌టాప్‌ల్లో 24 పెడితే మధ్యలో ఆగిపోతుంది, 12తో సరిపెట్టుకోండి. విండోస్‌లో జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ మార్చాలి, మొదటి గంట టెన్షన్ అంతా దాంతోనే. 5 వోల్ట్‌లు దాటిన వైరుకి తగిలించకండి, గ్రౌండ్ వైరు మాత్రం తప్పకుండా కలపండి. అన్నిటికంటే ముఖ్యం, ఇది 2 వోల్ట్‌లు దాటితే ఒకటి, 0.8 కంటే తగ్గితే సున్నా అనే చెప్తుంది. పుల్ అప్ (లైనుని పైకి లాగే) రెసిస్టర్ బలహీనంగా ఉండి నెమ్మదిగా పాకుతూ లేచే గీత కూడా దీనిలో నిటారుగా, అందంగా కనిపిస్తుంది.

ఆసిలోస్కోప్

మొదట కొనాల్సింది కాదు. కానీ రిలే, మోటారు, జిఎస్ఎం, పొడవైన వైర్లు ఉన్న ప్రాజెక్టులు చేసేవాళ్ళకి ఎప్పటికైనా తప్పదు. డిఎస్ఓ138 లాంటి కిట్ ఒక్క చానెలే, 200 కిలోహెర్ట్జ్ దాకానే, చాలామంది దాన్ని బొమ్మ అంటారు. నేను అనను, ఎందుకంటే సెకనుకి పది లక్షల శాంపిళ్ళు తీసే ఆ కిట్‌కి నా 577 మైక్రోసెకన్ల గుంట చక్కగా కనపడేది. పవర్ సమస్యలకి అది చాలు, ఎస్‌పిఐ అంచులు చూడాలంటే చాలదు. నాలుగు చానెళ్ళ 50 మెగాహెర్ట్జ్ స్కోప్ కొనే స్తోమత ఉంటే నిరభ్యంతరంగా కొనండి, ఏళ్ళ తరబడి వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోడ ప్లగ్గుకి పెట్టే స్కోప్‌లో గ్రౌండ్ క్లిప్పు నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. దాన్ని 230 వోల్ట్‌ల ఫేజుకి గానీ, త్రీ ఫేజ్ స్టార్టర్ డబ్బాలో దేనికి గానీ తగిలిస్తే షార్ట్ అవుతుంది, ప్రాణం మీదికి రావొచ్చు. 230 వోల్ట్‌ల కరెంటు జోలి లేకుండా టేబుల్ మీద, కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) బదులు చిన్న లోడ్ పెట్టి పరీక్షించుకోండి.

స్కోప్ లేకపోయినా అనుమానం తీర్చుకోవచ్చు: మాడ్యూలు పక్కన పెద్ద కెపాసిటర్ పెట్టి చూడండి, రోగం తగ్గితే అది పవరే. సిమ్800ఎల్ అయితే వోల్టేజి తగ్గినప్పుడు తనే సీరియల్‌లో హెచ్చరిక పంపుతుంది, కానీ బాడ్ రేటు ఆటోలో ఉంటే పంపదు. నేను ఆటోలో వదిలేశాను. ఫిక్స్ చేసి ఉంటే ఆ మూడు రోజులు మిగిలేవి.

ఇప్పుడు మీ సంగతి

బీటెక్ ప్రాజెక్టు, చేతిలో యూనో, డబ్బు తక్కువ: మల్టీమీటర్, 115200లో ప్రింట్, అంతే. బోర్డు కూడా కొనకముందే వోక్వీ సిమ్యులేటర్‌లో కోడ్ నడిపించి చూడండి, లాజిక్ తప్పులు అక్కడే పోతాయి. వైరింగ్, పవర్ తప్పులు మాత్రం అక్కడ కనపడవు. తర్వాత నలుగురు కలిసి ఒక లాజిక్ ఎనలైజర్ కొనుక్కోండి. హైదరాబాద్ వాళ్ళు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే చేత్తో పట్టుకుని చూసి తీసుకోవచ్చు.

ఇంట్లో ఈఎస్‌పి32తో లైట్లు, సెన్సర్లు చేసేవాళ్ళు: కొత్త బోర్డు కొనేటప్పుడు ఎస్3 గానీ సి3 గానీ తీసుకోండి, ప్రోబ్ ఖర్చు తప్పుతుంది. రెండో కొనుగోలు లాజిక్ ఎనలైజర్.

ఎంబెడెడ్ ఉద్యోగం వైపు చూస్తున్నవాళ్ళు: ఎస్‌టిఎం32 లేదా పికో, ప్రోబ్ తప్పనిసరి. ప్రింట్ లేకుండా ఒక నెల పని చేసి చూడండి. హార్డ్‌ఫాల్ట్ (చిప్పు ముందుకెళ్ళలేక పడిపోవడం) వచ్చినప్పుడు స్టాక్ లోంచి ప్రోగ్రాం కౌంటర్ (పడిపోయిన చోటు అడ్రసు) తీసి ఏ లైనో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అది మాట్లాడుతుంది.

పొలంలోనో చెరువు గట్టునో పెట్టే ప్రాజెక్టు అయితే పైవాటిలో ఏదీ పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే బగ్ వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండరు. దానికి ప్రోగ్రామే డైరీ రాసుకోవాలి. నానోలో ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) 1024 బైట్లు, ఒక్కో ఘటనకి టైము 4 బైట్లు, కోడ్ 1, వోల్టేజి 1, మొత్తం 6, అంటే 170 ఘటనలు పడతాయి, నిండాక మొదటి నుంచి తిరగరాయాలి. ఒక్కో గడికి లక్ష సార్ల దాకా రాయొచ్చు కాబట్టి ఏదైనా జరిగినప్పుడు మాత్రమే రాస్తే ఏళ్ళు గడుస్తాయి. బాబాయి స్టార్టర్‌లో ఇప్పుడు అదే ఉంది. ఆయన "లాగ్" అని మెసేజ్ పెడితే చివరి ఐదు ఘటనలు తిరిగొస్తాయి, వాటిని ఫోన్లో నాకు చదివి వినిపిస్తాడు. మొన్న చదివిన ఐదింట్లో నాలుగు మామూలు ఆన్, ఆఫ్‌లే. ఐదోది కాంటాక్టర్ వదిలిన క్షణంలోనే రీసెట్ అయిన గుర్తు, కాబట్టి ఈసారి పొలం వెళ్ళేటప్పుడు కాయిల్‌కి అడ్డంగా వేయడానికి స్నబ్బర్ (కాయిల్ వదిలేటప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బని మింగేది) పట్టుకెళ్తున్నాను.